కాగుయా-సామా: యానిమే ఎక్కడ ఆగింది, మాంగా ఎక్కడ అందుకోవాలి

ముందు నాకొచ్చిన ప్రశ్న క్లుప్తంగా. ‘కాగుయా-సామా: లవ్ ఈజ్ వార్’ అనే యానిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) మూడు సీజన్లూ చూసేశారు. సినిమా చూడకపోయినా నడుస్తుందా? దానికి మూలమైన మాంగా (జపాన్ బొమ్మల కథ) మొదటి నుంచి చదవాలా, మధ్యలో అందుకోవచ్చా? ఇంకోటి: చెల్లికి చూపిస్తే రెండో ఎపిసోడ్‌కే లేచి వెళ్లిపోయిందట, ఎందుకు?

మొదటి రెండింటికీ జవాబు నాలుగు ముక్కల్లో తేలిపోతుంది. మూడోది అలా కాదు, అందుకని దానికే ఎక్కువ చోటిచ్చాను.

సినిమా వదలొద్దు. పేరుకే సినిమా గానీ, అది పక్కకథ కాదు. మూడో సీజన్ చివరి సీన్ ఎక్కడ ఆగిందో అక్కడే మొదలవుతుంది. జపాన్ థియేటర్లలో 2022 డిసెంబరు 17న ‘ద ఫస్ట్ కిస్ దట్ నెవర్ ఎండ్స్’ పేరుతో వచ్చింది, 2023లో టీవీలో 4 భాగాలుగా కోసి వేశారు. కాబట్టి ఎక్కడైనా 4 ఎపిసోడ్లుగా కనిపిస్తే కొత్త సీజన్ వచ్చిందని సంబరపడకండి, సరుకు అదే. మామూలుగా యానిమే సినిమా అంటే టికెట్లు అమ్ముకోవడానికి తీసిన విడి కథ అయి ఉంటుంది, దాన్ని దాటేసినా నష్టం ఉండదు. ఆ అలవాటుతో దీన్నీ దాటేసి నేరుగా మాంగాకి వెళ్లినవాళ్లకి ‘వీళ్లిద్దరూ ఇలా ఎప్పుడు మారారు’ అనే గందరగోళం తప్పదు.

చూసే వరుస ఇది: మొదటి సీజన్ (2019 జనవరి–మార్చి, 12 ఎపిసోడ్లు), రెండోది (2020 ఏప్రిల్–జూన్, 12), ‘అల్ట్రా రొమాంటిక్’ అని పిలిచే మూడోది (2022 ఏప్రిల్–జూన్, 13; చివరి రెండూ కలిపి గంటసేపు ఒకేసారి వేశారు), ఆ తర్వాత సినిమా. మధ్యలో 2021 మేలో మాంగా 22వ వాల్యూమ్ ప్రత్యేక ప్రతితో పాటు ఒక ఓవీఏ (టీవీలో కాకుండా విడిగా అమ్మే ఎపిసోడ్) వచ్చింది. అందులో కథ నడవదు, కాస్త చిలిపి చాప్టర్లు కొన్ని ఉంటాయంతే. చెల్లితో కూర్చుని చూసేది మాత్రం కాదు.

మాంగా మొత్తం 28 వాల్యూములు, 281 చాప్టర్లు. రాసి, బొమ్మలు వేసినవాడు ఆకా అకాసకా. 2015లో ప్రచురణ సంస్థ షుయేషా వాళ్ల పత్రిక మిరకిల్ జంప్‌లో మొదలైంది, 2016లో వీక్లీ యంగ్ జంప్‌కి మారింది, 2022 నవంబరు 2న ముగిసింది. లెక్క సుమారుగా ఇలా పడుతుంది. మొదటి సీజన్ 5వ వాల్యూమ్ దాకా వెళ్తుంది, రెండోది అక్కడి నుంచి 10 దగ్గరికి, మూడోది 14 దాకా. సినిమా 14వ వాల్యూమ్ చివరి చాప్టర్లతో మొదలై 15ని వాడుకుంటుంది. అంటే సినిమా కూడా చూశాక 16వ వాల్యూమ్ తెరిస్తే కథ తెగకుండా అందుతుంది. 15 కూడా పక్కన పెట్టుకోండి, అతుకు దగ్గర ఒకసారి తిరగేస్తే మంచిది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. యానిమే వాళ్లు చాప్టర్లని వరసగా తీయలేదు. ఒక ఎపిసోడ్‌లో సాధారణంగా మూడు చాప్టర్లు పడతాయి. ఆ మూడూ ఒకదానికొకటి అచ్చొచ్చేలా ముందువి వెనక్కి, వెనకవి ముందుకి జరిపారు, కొన్నింటిని పూర్తిగా వదిలేశారు. వదిలేసినవి ఎక్కువగా ఒక్క చాప్టర్‌తో ముగిసే సరదా ముక్కలే. అవి తెలియకపోయినా 16వ వాల్యూమ్ అర్థమవుతుంది. కానీ పక్కపాత్రల మీద మమకారం పుట్టేది ఆ ముక్కల్లోనే. రెండో సగం మాంగా చాలావరకు పక్కపాత్రల భుజాల మీదే నడుస్తుంది కాబట్టి, వీలుంటే మొదటి నుంచి చదవండి. అంత ఓపిక లేకపోతే 10 నుంచి. దానికీ తీరికలేకపోతే 16.

ఇక చెల్లి సంగతి.

ఈ కథ పేరు జపనీస్‌లో ‘కాగుయా-సామా వా కొకురాసెతాయ్’. ‘లవ్ ఈజ్ వార్’ అనేది ఇంగ్లిష్‌లో తగిలించిన తోక. అసలు పేరులోని మజా ఇంగ్లిష్‌లోకి రాలేదు గానీ తెలుగులోకి ఉన్నదున్నట్టు వస్తుంది. ‘కొకురు’ అంటే మనసులో మాట చెప్పడం. ‘కొకురాసెరు’ అంటే చెప్పించడం. ‘కొకురాసెతాయ్’ అంటే చెప్పించాలని ఉండటం. మన ‘చెప్పు’కి ‘ఇంచు’ తగిలిస్తే ‘చెప్పించు’ అయినట్టే. ‘కాగుయాగారికి అతగాడి నోటితోనే చెప్పించుకోవాలని ఉంది’. కథంతా ఆ ‘ఇంచు’లోనే ఉంది. ఆమెకి అతనంటే ఇష్టం, అతనికి ఆమె అంటే ఇష్టం. మొదటి పది నిమిషాల్లోనే అది మనకి తెలిసిపోతుంది. ముందు బయటపడేది ఎవరు అన్నదొక్కటే ప్రశ్న.

సబ్‌టైటిల్స్‌లో దీన్ని ‘కన్ఫెస్’ అని వేస్తారు. ఇంగ్లిష్ మాటగా మనకి అది నేరం ఒప్పుకున్నట్టు వినపడుతుంది, దాంతో సగం బరువు పోతుంది. మన కాలేజీ భాషలో దీనికి సరిగ్గా సరిపోయే మాట ఉంది: ప్రపోజ్ చేయడం. మనవాళ్లు ‘ప్రపోజ్ చేశాడు’ అంటే పెళ్లి సంబంధం అడిగాడని కాదుగా, ఇష్టమని చెప్పేశాడని. జపాన్‌లోనూ అంతే. ‘నువ్వంటే ఇష్టం, నాతో ఉంటావా’ అని ఒకరు స్పష్టంగా అడిగి, రెండోవారు ఒప్పుకుంటేనే ఇద్దరూ జంట కిందికి వస్తారు. నాలుగు సార్లు కలిసి తిరిగినంత మాత్రాన లెక్కలోకి రాదు. అందుకే ముందు ఎవరు నోరు విప్పారన్నదానికి అంత విలువ. ఈ సంగతి చెల్లికి ముందే చెప్పకపోతే ‘ఇద్దరికీ ఇష్టమేగా, చెప్పేసుకుంటే పోలేదా’ అనే అనుమానం రెండో ఎపిసోడ్‌కే వస్తుంది. వస్తే లేచి వెళ్లడం న్యాయమే.

ఇప్పుడు ఒక సీన్ విప్పి చూద్దాం. మొదటి ఎపిసోడ్‌లో సినిమా టికెట్ల గొడవ.

షూచిఇన్ అకాడమీ విద్యార్థి సంఘం గది. ప్రెసిడెంట్ మియుకి షిరోగానే: డబ్బులేని ఇంటి కుర్రాడు, చదువులో మొదటివాడు, పార్ట్‌టైమ్ పనులు చేస్తూ నిద్రలేక కళ్లు గుంటలు పడ్డవాడు, భుజం నుంచి ఛాతీ మీదికి బంగారు అల్లికతాడు వేలాడేసుకుని తిరుగుతాడు. వైస్ ప్రెసిడెంట్ కాగుయా షినోమియా: దేశంలోనే పేరుమోసిన సంపన్న కుటుంబం ఆడపిల్ల. కార్యదర్శి చికా ఫుజివారా రెండు టికెట్లు తెస్తుంది, లాటరీలో తగిలాయని. షిరోగానే ఏమీ ఎరగనట్టు ‘షినోమియా, ఆ రోజు నీకు ఖాళీయే కదా, మనం వెళ్దామా’ అంటాడు. ఇంతవరకూ మామూలే. అప్పుడు చికా అమాయకంగా ఒక మాట జారుస్తుంది: ఈ సినిమా కలిసి చూసిన ఆడామగా జంట అయిపోతారట.

అంతే, బల్ల తిరగబడింది. ఒక్క మాటతో అతని పిలుపు కాస్తా ప్రపోజ్ చేసినట్టు అయిపోయింది. కాగుయా దొరికించుకుంటుంది: ‘అంటే మీకు నాతో జంటగా ఉండాలని ఉందన్నమాట?’ అతను తప్పించుకుంటాడు: ‘నేను అలాంటివి పట్టించుకోను. నువ్వు చెప్పు, నీకు నాతో వెళ్లాలని ఉందా?’ బంతి మళ్లీ ఆమె వైపుకి వెళ్లింది. ఆమె వెంటనే సిగ్గులమొగ్గ అయిపోయి, ‘నేనూ ఆడపిల్లనే, ఇలాంటివి నమ్ముతాను, అందుకే పిలిచేవాళ్లు ఇంకాస్త మనస్ఫూర్తిగా పిలవాలి’ అంటుంది. అవతలివాడి గుండె అదుపు తప్పుతుంది, బుర్ర పొగలు కక్కుతుంది. మెదడు నడవాలంటే చక్కెర కావాలి, బల్ల మీద ఒక్క మంజూ మిఠాయి మిగిలి ఉంది. ఇద్దరికీ అదే కావాలి. చికా దాన్ని నోట్లో వేసుకుంటుంది. ఆట అక్కడితో సరి. తెర మీద అక్షరాలు పడతాయి: ఈ రోజు ఫలితం, ఇద్దరూ ఓడారు.

ఈ ఐదారు నిమిషాల్లో కథ ఎలా పని చేస్తుందో మొత్తం కనిపిస్తుంది. ముందు ఒక చిన్న వస్తువు: టికెట్, గొడుగు, భోజనం డబ్బా, ఫోన్ నంబరు. దానికి ఒక నియమం: ఇది అడిగినవాడు ఓడినట్టు. తర్వాత ఎత్తుకి పై ఎత్తు. చివరికి అసలు ఆటే తెలియని చికా వచ్చి చదరంగం బల్ల తన్నేస్తుంది. గెలుపోటములు ప్రకటించి తెర దించుతారు. ప్రతి ముక్కలోనూ మీరు చూడాల్సింది ఎవరు గెలిచారని కాదు, ఏ నియమం వల్ల ఓడారని. ఎపిసోడ్‌కి మూడుసార్లు ఇదే అచ్చు తిరుగుతుంది కాబట్టి వరసబెట్టి ఆరు ఎపిసోడ్లు చూస్తే ఎవరికైనా మొహం మొత్తుతుంది. మొదటి సీజన్‌ని రోజుకి ఒకటీ, మహా అయితే రెండు చూడాలి. ఆవకాయ రుచిగా ఉందని గిన్నెడు తినం కదా.

రెండో ఎపిసోడ్‌లో ఫోన్ నంబర్ల ముక్క కూడా ఇదే అచ్చు, కానీ ఒక తేడా ఉంది. షిరోగానే కొత్త స్మార్ట్‌ఫోన్ కొన్నాడు. మెసేజింగ్ యాప్ ఐడీ ఎవరు ముందు అడుగుతారన్నది పోటీ. కాగుయా చేత అడిగించాలని తన చిన్ననాటి ఫొటోని ప్రొఫైల్ బొమ్మగా పెట్టి ఎర వేస్తాడు. ఆమె దొంగ ఏడుపు ఏడుస్తుంది. ఇంత యుద్ధం అయ్యాక తేలేదేమిటంటే, ఆమె చేతిలో ఉన్నది చిన్నప్పటి నుంచి వాడుతున్న పాత మడత ఫోన్, అందులో ఆ యాప్ పనే చేయదు. ఇక్కడ నవ్వేసి ఊరుకుంటాం. కానీ ఆ మడత ఫోన్‌ని గుర్తుపెట్టుకోండి. రెండో సీజన్ చివరి ఎపిసోడ్‌లో అది పగిలిపోయినప్పుడు, అందులోని ఫొటోలు పోయాయని ఆ పిల్ల ఏడ్చే ఏడుపు దొంగది కాదు. మొదట్లో హాస్యానికి వాడిన వస్తువుని ఏడాది తర్వాత దుఃఖానికి వాడటం అకాసకాకి అలవాటు. సరదా ముక్కలని దాటేయొద్దని అందుకే అన్నాను.

చెల్లిని కూర్చోబెట్టాలంటే మొదటి ఎపిసోడ్‌తో పాటు మూడో ఎపిసోడ్ చివర వచ్చే చికా డాన్స్ పాట చూపించండి. ఎండింగ్ పాట జాగాలో ఒక్కసారే వచ్చింది. పాడింది చికాకి గొంతిచ్చిన కొనొమి కొహారా. నవోయా నకయామా అనే యానిమేటర్ నిజమైన డాన్స్‌ని ఆధారం చేసుకుని గీశాడు, అందుకే బరువు కాలి మీంచి కాలికి మారేటప్పుడు నడుము, జుట్టు, గౌను ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. బొమ్మ గాల్లో తేలినట్టు ఉండదు. దీన్ని చూసి సిరీస్‌లోకి వచ్చినవాళ్లు బోలెడంతమంది.

యానిమే మాంగాని ఎక్కడ దాటింది, ఎక్కడ దాటలేదు అన్నది చూద్దాం. ఏ-1 పిక్చర్స్ స్టూడియో, దర్శకుడు మమోరు హతకేయామా, స్క్రిప్టు బాధ్యత యసుహిరో నకనిషి. హతకేయామా అంతకు ముందు రకుగో కళాకారుల కథ ‘షోవా గెన్‌రోకు రకుగో షిన్‌జూ’ని తీశాడు, షినిచి ఒమాతా అనే పేరు కూడా ఇతనిదే. రకుగో అంటే వేదిక మీద ఒక్కడే కూర్చుని, గొంతు మారుస్తూ కథంతా చెప్పడం. కాగుయాలో వ్యాఖ్యాత యుతాకా అవోయామాని వినండి: రణరంగం వర్ణిస్తున్నంత గంభీరంగా, ఊపిరాడనంత వేగంగా, ‘ఆక్టోపస్ ఆకారంలో కోసిన సాసేజీ ఎవరు తింటారు’ అన్నంత అల్పమైన సంగతి చెబుతుంటాడు. మాంగాలో అదంతా నల్లటి పెట్టెల్లో అచ్చుగా ఉంటుంది, మీ వేగంతో మీరు చదువుకుంటారు. యానిమేలో వేగం అతని చేతిలోకి వెళ్లింది. హాస్యానికి అదే ప్రాణం. హరికథలో దాసుగారు చిడతలు ఎక్కడ ఆపితే అక్కడ నవ్వు పేలినట్టే.

ఓపెనింగ్ పాటల్లోనూ ఇదే ఎత్తుగడ. మూడు సీజన్లలోనూ ఓపెనింగ్ పాడినది మసయుకి సుజుకి. 1956లో పుట్టాడు, జపాన్‌లో ప్రేమపాటల రారాజు అని పేరు. అరవై దాటిన మనిషి, నల్లకళ్లద్దాలు, బరువైన గొంతు, ఇద్దరు స్కూలు పిల్లల బెట్టు మీద కాబరే స్థాయి పాట. ప్రతి సీజన్‌లోనూ ఒక ఆడగొంతు తోడు: మొదట రిక్కా ఇహారా, తర్వాత ఐరి సుజుకి, మూడోసారి సూ. ఓపెనింగ్ దాటేసే అలవాటుంటే ఈ సిరీస్‌కి మానుకోండి.

భావం బరువెక్కే చోట్ల హతకేయామా మరోలా పనిచేస్తాడు. మొదటి సీజన్ చివర్లో బాణసంచా ముక్క ఉంది కదా. ఆకాశంలో పేలుడు, పక్కన కారులో కాగుయా. ఆమె ఆకాశం చూడటం లేదు, అతని మొహమే చూస్తోంది, తన గుండెచప్పుడు తప్ప పేలుళ్లు వినపడటం లేదు. మాంగాలో ఈ మాట అచ్చులో చదువుతాం. తెర మీద ఆ శబ్దం నిజంగానే తగ్గిపోతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడాల్సిన చోటు ఇదొక్కటి.

రెండో సీజన్ 11వ ఎపిసోడ్ ఇంకోటి. కోశాధికారి యూ ఇషిగామి గతం. ఆటల పోటీల్లో చీర్ బృందం మధ్య నిలబడ్డా, అతని కంటికి చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు కనపడవు. గీతలు గీసి చెరిపేసినట్టు ఉంటాయి. ఎందుకో తెలిశాక, అతను తల ఎత్తి చూసిన క్షణాన ఆ మొహాలకి కళ్లూ ముక్కూ వస్తాయి. ఈ ఎపిసోడ్‌కి ముందు ఇషిగామి అంటే ‘గేమ్స్ ఆడుకుంటూ మూల కూర్చుని ఇంటికెళ్లిపోతాను అనే కుర్రాడు’ అంతే. దీని తర్వాత సిరీస్‌లో అతని స్థానమే మారిపోతుంది. రెండో సీజన్ చూస్తూ ఇది రాకముందే ఆపేస్తే అసలు పని కానట్టే.

మూడో సీజన్‌లో 5వ ఎపిసోడ్ ర్యాప్ ముక్క పూర్తిగా యానిమే గెలుపు. షిరోగానేకి పాట రాదు, వాలీబాల్ రాదు, ఏదీ రాదు. ప్రతిసారీ చికాయే నేర్పించి చస్తుంది. ఈసారి ర్యాప్. కాగితం మీద ర్యాప్ చదవడమంటే వంటల పుస్తకం చదివి ఆకలి తీర్చుకోవడం లాంటిది. తెర మీద షిరోగానేకి గొంతిచ్చిన మకోతో ఫురుకావా, కొహారా కలిసి నిజంగానే పాడారు.

మరి మాంగా ఎక్కడ గెలుస్తుంది? మొహాల్లో. అకాసకా మొదటి రెండు మూడు వాల్యూముల గీత గట్టిగా, కాస్త బిగుసుకుపోయినట్టు ఉంటుంది. పోనుపోను పెన్ను వదులవుతుంది. 14వ వాల్యూమ్ దగ్గర స్కూలు పండగ చాప్టర్లలో పూర్తి పేజీ బొమ్మలు చూస్తే తేడా తెలిసిపోతుంది. ఇంకోటి, నల్లపెట్టెల్లో ఉన్న వ్యాఖ్యలన్నీ యానిమేలోకి రాలేదు. కొన్ని జోకులు పేజీ తిప్పే చోట ఉంటాయి, అవి పుస్తకానివే.

పేర్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పేర్లలో కథ దాగి ఉంది. కథ లీకవడం ఇష్టం లేకపోతే ఈ పేరా దాటేయండి. ‘తకెతోరి మోనోగతారి’ అని జపాన్‌లో వెయ్యేళ్లు దాటిన కథ ఒకటి ఉంది. వెదురులో దొరికిన కాగుయా అనే పిల్ల పెరిగి పెద్దదయ్యాక ఐదుగురు పెద్దింటివాళ్లు పెళ్లాడతామని వస్తారు. ఒక్కొక్కరికీ తేలేని వస్తువు ఒకటి తెమ్మని చెప్పి పంపేస్తుంది, చివరికి చంద్రలోకానికి వెళ్లిపోతుంది. ఆ ఐదుగురిలో ఒకడు ఓతోమొ నో మియుకి, అతను తేవాల్సింది డ్రాగన్ మెడలో మణి. షిరోగానే పేరు మియుకి, అవే అక్షరాలు. మూడో సీజన్ పండగలో అతను దొంగ వేషం కట్టి ఎత్తుకెళ్లేది ఏమిటో గుర్తు తెచ్చుకోండి. మరొకడు ఇసొనొకామి, ఆ ఇంటిపేరుని రాసే అక్షరాలతోనే ఇషిగామి అనీ చదవొచ్చు. అతనికి అప్పజెప్పింది వాన కోయిల దగ్గరుండే గవ్వ, కొయసుగాయ్. అతను దాన్ని సాధించలేక కూలబడతాడు. మన ఇషిగామి మనసు పడ్డ పిల్ల పేరు త్సుబామె కొయసు. ‘త్సుబామె’ అంటే ఆ పిట్టే. ఇంత ముందే చెప్పేశాడన్నమాట అకాసకా. కంజి (జపనీస్ చిత్రాక్షరాలు) చదవగలిగిన జపాన్ పాఠకులకి ఇది పేరులోనే కనపడుతుంది, సబ్‌టైటిల్స్‌కి ఆ అవకాశమే లేదు.

సబ్‌టైటిల్స్ ఇబ్బంది ఇంకొకటి, ఆచరణకి సంబంధించినది. ఒకే క్షణంలో పాత్ర మాట్లాడుతుంది, వ్యాఖ్యాత మాట్లాడతాడు, తెర మీద అక్షరాలూ పడతాయి. మూడింటికీ ఇంగ్లిష్ పైనా కిందా పరుచుకుంటుంది. ఫోన్‌లో చూస్తే బొమ్మ కనపడదు. పెద్ద తెర మీద చూడండి, వేగం మాత్రం పెంచొద్దు. ఒకటిన్నర రెట్లు పెడితే వ్యాఖ్యాత పని మొత్తం నాశనం. సబ్‌టైటిల్స్ వెంట పరుగెత్తలేనివాళ్లకి ఇంగ్లిష్ డబ్బింగ్ నిస్సంకోచంగా పెట్టొచ్చు. అందులో వ్యాఖ్యాత ఇయాన్ సింక్లేర్ అసలుకి కట్టుబడకుండా సొంత చమత్కారాలు బాగానే దూర్చాడు. అది మోసమనేవాళ్లున్నారు, ఈ సిరీస్ తీరుకి మాత్రం అతుకుతుంది. కాకపోతే డబ్బింగ్‌లో పిలుపులు పోతాయి. కాగుయా అతన్ని ఎప్పుడూ ‘కైచో’ అనే పిలుస్తుంది, మన ‘ప్రెసిడెంట్‌గారూ’ లాగా. అతను ఆమెని ఇంటిపేరుతో ‘షినోమియా’ అంటాడు. ఇద్దరిలో ఎవరైనా పిలుపు మారిస్తే అది పెద్ద సంఘటన, మన దగ్గర ‘మీరు’ నుంచి ‘నువ్వు’కి దిగినట్టు. అలాగే కాగుయా ట్రేడ్‌మార్కు ‘ఓకవాయీ కొతొ’. ‘క్యూట్’ అని వేసి వదిలేస్తారు. అది పెద్దింటి ఆడవాళ్ల భాషలో, పైనుంచి కిందికి చూస్తూ అనే మాట. ‘అబ్బో, ఎంత ముద్దుగా ఉన్నారో’ అని కనుబొమ్మ ఎగరేసి అంటే ఎలా ఉంటుందో అలా. షిరోగానే భయపడేది ఆ కనుబొమ్మకే.

పుస్తకాలు కొంటుంటే ఇంగ్లిష్‌లో విజ్ మీడియా ప్రచురించినవి చూడండి. పేజీలు కుడి నుంచి ఎడమకి, గళ్లు కూడా కుడి పై మూల నుంచి. మాటల బుడగల్ని ముందు చదివి, నల్లపెట్టెల్ని తర్వాత చదవకండి. పెట్టె ఎక్కడుందో అక్కడే చదవాలి, లేకపోతే జోకు ముందే చచ్చిపోతుంది. పేరు దగ్గరగా ఉందని పొరపాటున కొనేవి రెండున్నాయి: వేరే చిత్రకారులు గీసిన నాలుగు గళ్ల హాస్య సిరీస్ ఒకటి, ‘దోజిన్’ సిరీస్ ఒకటి. మొదటిది సరదాకి ఫర్వాలేదు. రెండోది అసలు కథతో సంబంధం లేనిది, పెద్దల వ్యవహారం ఎక్కువ. నటులతో తీసిన సినిమాలు 2019లో ఒకటి, 2021లో ఒకటి వచ్చాయి, షో హిరానో, కన్నా హషిమోతో జంటగా. వ్యాఖ్యాత హోరు తగ్గాక మనుషులు ఇవే ముఖకవళికలు పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. చూడకపోయినా నష్టం లేదు.

16 తర్వాత ఏమవుతుందో చెప్పకుండా, ఎలా మారుతుందో మాత్రం చెబుతాను. ‘ఎవరు ముందు’ అన్న ప్రశ్న తీరిపోయింది కాబట్టి పాత యంత్రం ఇక తిరగదు. చాలా రొమాంటిక్ కామెడీలు ఇక్కడే చతికిలబడతాయి. అకాసకా పోటీని ఇతరుల మీదికి మళ్లించాడు: ఇషిగామి, విద్యార్థి సంఘంలో చేరిన మికో ఇయినో, కాగుయా పనిమనిషి ఆయ్ హయసకా. హయసకా కథ క్యోటో విహారయాత్రలో వస్తుంది, మొత్తం మాంగాలో బాణసంచా ముక్కతో తూగగల భాగం అదొక్కటే. చివరి నాలుగైదు వాల్యూముల్లో షినోమియా కుటుంబం గొడవ ముందుకొస్తుంది. అక్కడ వేగం ఎక్కువ, నవ్వు తక్కువ, ఒకరిద్దరు విలన్లు హడావుడిగా వచ్చి హడావుడిగా వెళ్లిపోతారు. 2020 ఏప్రిల్ నుంచి 2024 నవంబరు దాకా అకాసకా అదే పత్రికలో ‘ఓషి నో కో’ అనే మరో మాంగాకి కథ కూడా రాశాడు, దాని బొమ్మలు మెంగో యోకోయారివి. కాగుయా అయిపోయాక బొమ్మలు గీయడం మానేసి రచనకే పరిమితమవుతానని ప్రకటించాడు కూడా. ఆ అలసట చివరి వాల్యూముల్లో కనపడుతుందనే నా అంచనా. అయినా 27 దగ్గర ఆపేయకండి, 28లో ఒక్కో పాత్రకీ విడివిడిగా వీడ్కోలు చాప్టర్లున్నాయి.

చెల్లి కోసం ఒక దారి: మొదటి ఎపిసోడ్‌లో టికెట్ల ముక్క, మూడో ఎపిసోడ్ చివర డాన్స్, ఆ తర్వాత రోజుకొకటి చొప్పున బాణసంచా దాకా. బాణసంచా అయ్యాక కూడా లేచి వెళ్లిపోతే వదిలేయండి, ఆమెకి ఇది పడదు. లేవకపోతే రెండో సీజన్ మీరు పెట్టనక్కర్లేదు, ఆమే పెట్టుకుంటుంది.